గురి పక్కన చూపు

మునీరే కుర్చీ జరిపింది.

చాయ్ నీళ్ళు కాగే సమోవర్ పక్కన కూర్చుని చాయ్ తాగుతున్న మొగుడి చూపు ఆమె మీద లేదు. ఆమె కుడిచెవి మీదుగా వెళ్ళి గోడకు తగిలించిన రాగి పళ్ళెం మీద ఆగింది. అందుకని ఆమె లేచి, కుర్చీని ఆ పళ్ళెం కిందికి లాక్కుని, సరిగ్గా ఆ చూపుకు అడ్డంగా కూర్చుని, "సాయంత్రానికి ఆష్ జావ కాచనా, పప్పు పులావు చేయనా?" అని అడిగింది. సియామక్ పూలకీ పంచదార బిళ్ళ నాలుక మీద పెట్టుకుని, తల కాస్త తిప్పి, "నీ ఇష్టం" అని కిటికీతో అన్నాడు.

చలికాలం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. మాట్లాడతాడు, నవ్వుతాడు, అడిగినదానికి జవాబిస్తాడు, చూడటం మాత్రం చూడడు. ఆమె భుజం పక్కన ఇంకెవరో నిలబడి ఉన్నట్టు, మాటలన్నీ ఆ ఎవరితోనో చెబుతాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో పోట్లాడుకున్న రోజులున్నాయి, మాటల్లేని వారాలున్నాయి. కానీ ఎంత కోపంలోనైనా సియామక్ ఆమె కళ్ళలోకి సూటిగా చూసి మరీ కోప్పడేవాడు. ఇప్పుడు కోపం లేదు, చూపూ లేదు. ఆ కోపమే నయమని మునీరేకు అనిపించసాగింది.

మొదట్లో తప్పంతా జుట్టుదే అనుకుంది. తలంతా దురద పుడుతోందని శరత్కాలంలో రంగు వేసుకోవడం మానేసింది. రెండు నెలలు తిరిగేసరికి నెత్తి ముగ్గుబుట్టయింది. పైకి అనలేక ముఖం తిప్పుకుంటున్నాడు కాబోలని, యల్దా పండుగ సాయంత్రానికి బజారుకు వెళ్ళి రంగు తెచ్చుకుని, దురదను కూడా ఓర్చుకుని, నిగనిగలాడే నల్లటి జుట్టుతో వచ్చి పళ్ళు పరిచిన సుఫ్రా గుడ్డ ముందు కూర్చుంది. సియామక్ పళ్ళ గిన్నె వైపు చూస్తూ దానిమ్మ గింజలు వలిచాడు. పుచ్చకాయ తిన్నాడు. ఒక్క మాట అనలేదు. మునీరే పుచ్చకాయ తొక్కలు తీసుకెళ్ళే వంకతో వంటింట్లోకి వెళ్ళి, అరవై రెండేళ్ళ మనిషి, కొళాయి తిప్పుకుని ఆ చప్పుడులో ఏడ్చింది. అయినా పంతం కొద్దీ ఆ తర్వాత కూడా రంగు మానలేదు.

పక్కింటి హాజ్ నుస్రత్ ఖానుమ్‌కు తప్ప ఈ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు. ఆవిడకు ఎనభై దాటాయి. ముగ్గురు మొగుళ్ళను సాగనంపిన అనుభవం ఉంది.

"మగాడు ఈ వయసులో పెళ్ళాన్ని వదిలేసి పక్కచూపులు చూస్తున్నాడంటే ఒకటే రోగం" అంది హాజ్ నుస్రత్.

"ఏంటి హాజ్ ఖానుమ్?" మునీరే ముందుకు వంగింది.

"మలబద్ధకం. అంజూర పళ్ళు నానబెట్టి పెట్టు."

మునీరే నిజంగానే పెట్టింది. ఏమీ మారలేదు.

ఇంకా చిన్న చిన్నవి ఉన్నాయి. పొద్దున్నే సంగక్ రొట్టెతో పాటు పేపరు తెచ్చుకునే మనిషి, "అందులో చదివేదేముంది, నిన్నటి అబద్ధాలే" అని పేపరు మానేశాడు. ఫోన్లో ఏదైనా వస్తే "నువ్వే చదువు" అని ఆమె ముందుకు తోసేవాడు. వీధిలో ఎవరైనా సలాం పెడితే ఒక క్షణం ఆలస్యంగా తిరిగి సలాం పెట్టేవాడు. మేడ మీదికి వెళ్ళడం దాదాపు మానేశాడు. రమ్మంటే, నది ఎండిపోయి ఊరంతా దుమ్ము కదా, ఏం కనిపిస్తుంది అనేవాడు. ఇవన్నీ మునీరే లెక్కలో ఒకే పద్దు కింద పడ్డాయి. ఆయనకు తనమీద మనసు విరిగింది. తనతో కలిసి చేసే ఏ పనీ ఇష్టం లేదు.

ఈ బుధవారం పొద్దున, ఆష్‌కూ పులావుకూ ఒకే జవాబు చెప్పిన నోటితోనే, సియామక్ ఇంకో మాట అన్నాడు.

"శుక్రవారం ఖగోళ సంఘం వాళ్ళొస్తారు. టెలిస్కోపు తీసుకెళ్ళమన్నాను."

"ఏ టెలిస్కోపు?"

"మనింట్లో పది ఉన్నాయా?"

"బాగుచేయడానికా?"

"లేదు. ఇచ్చేస్తున్నా. పిల్లలు చూసుకుంటారు."

మునీరే చేతిలో గ్లాసు కింద పెట్టింది. "ఎవరినడిగి?"

"మూలన పడి దుమ్ము కొట్టుకుపోతోంది కదా..."

"తమరు చాలా పెద్దమనసు చేసుకున్నారండీ, సియామక్ ఆఘా. మీకు ఏది తోస్తే అది చేయండి. మీ ఇల్లు, మీ సామాను."

ఆ ఇంట్లో మునీరే నోటి నుంచి "మీరు" వచ్చిందంటే ఆ రోజుకు చాయ్ బంద్. సియామక్ రాగి పళ్ళెం వైపు చూస్తూ కూర్చుండిపోయాడు. ఆమె గ్లాసులు గలగలా ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ టెలిస్కోపు అద్దంలో సగం తనది. మాటవరసకు కాదు, తన చేతులతో అరగదీసిన సగం. పెళ్ళయిన ఏడాది. యుద్ధం నడుస్తోంది. సైరన్ మోగితే ఇస్ఫహాన్ అంతా దీపాలార్పుకుని నేలమాళిగల్లోకి దిగేది. అందరి నేలమాళిగల్లో బియ్యం, పచ్చళ్ళు, దుప్పట్లు ఉంటే వీళ్ళ నేలమాళిగలో ఇసుక నింపిన పీపా, దాని మీద మందపాటి గాజుబిళ్ళ ఉండేవి. ఎక్కడో రేవులో పాత ఓడ విప్పుతుంటే దాని గుండ్రటి కిటికీ గాజు కొనుక్కొచ్చాడు ఆ కొత్త పెళ్ళికొడుకు. అప్పుడు బీదాబాద్ బళ్ళో భౌతికశాస్త్రం పంతులు. తోకచుక్క వస్తోందట, దాన్ని సొంత అద్దంలో చూడాలట.

గాజు మీద గాజు పెట్టి, నడుమ గరుకు పొడి చల్లి, నీళ్ళు చిలకరించి, ముందుకూ వెనక్కూ తోయాలి. తోస్తూ పీపా చుట్టూ తిరగాలి. ఒకరు అలసిపోతే ఇంకొకరు. అలా నెలల తరబడి తిరిగితే గాజు నడిమధ్య గుంట పడుతుంది. ఆ గుంట నునుపులో తేడా ఎంతవరకు ఉండొచ్చో చెప్పమంటే సియామక్ తల వెంట్రుక పీకి చూపించి, దీని మందంలో చిన్న ముక్క అనేవాడు. అత్తగారు మెట్ల మీద కూర్చుని, "పెళ్ళికూతురి చేతి గోరింట ఆరనివ్వలేదు, రాళ్ళు నూరిస్తున్నాడు! నా కొడుక్కి పెళ్ళెందుకు చేశానో, గాడిదను కొనిపెడితే సరిపోయేది" అని మొత్తుకునేది. పైన ఎక్కడో దూరంగా బాంబు పడి, సున్నం రాలి గాజు మీద పడితే మళ్ళీ మొదటి నుంచి కడుక్కోవాల్సి వచ్చేది. భయం వేసేది కాదా అని ఎవరైనా అడిగితే మునీరేకు ఏం చెప్పాలో తెలియదు. వేసేది. కానీ చేతికి పని ఉండేది, ఎదురుగా సియామక్ ఉండేవాడు. పీపా చుట్టూ తిరుగుతున్నంతసేపూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూనే తిరిగేవాళ్ళు. తన బతుకులో అంతకంటే మంచి రోజులు లేవని ఆమె ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటుంది.

తీరా అద్దం పూర్తయ్యేసరికి తోకచుక్క వెళ్ళిపోయింది. "డెబ్భై ఆరేళ్ళకు మళ్ళీ వస్తుంది. అద్దం తుడిచి ఉంచు" అన్నాడు సియామక్. తుడిచి ఉంచింది. పగలంతా ఆమె తివాచీ నేతగాళ్ళకు గళ్ళ కాగితం మీద పువ్వులూ లతలూ గీసి రంగులు నింపేది. పొద్దువాలాక ఇద్దరూ మేడెక్కేవాళ్ళు. పిల్లలు కలగలేదు. ఆ మాట వచ్చినప్పుడు చుట్టాలు గొంతు తగ్గించేవాళ్ళు గానీ, వీళ్ళిద్దరికీ సాయంత్రాలు ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టు అనిపించలేదు. అలాంటి టెలిస్కోపును ఇవాళ కిటికీకి చెప్పి దానం చేసేశాడు. టెలిస్కోపు పోతే పోయిందని సర్దుకోగలదు. దానితో పాటు తననూ వదిలించుకుంటున్నాడేమోనన్నదే ఆమెను కోసేస్తోంది. శుక్రవారం లోపల ఆ సంగతి తేల్చుకోవాలనుకుంది. ఎలా అడగాలో తెలియలేదు.

సాయంత్రం హాజ్ నుస్రత్ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. వెనకాల వీధిలోని ఆడవాళ్ళు, సంగక్ బట్టీ రజబలీ, ఇంకో నలుగురు. షాబాన్ నెలలో ఆఖరి సాయంత్రం. రేపటి నుంచి ఉపవాసం ఉందో లేదో నెలవంక చెప్పాలి. టీవీలో పెద్దలు చెబుతారు. కానీ హాజ్ నుస్రత్‌కు టీవీ మీద నమ్మకం లేదు. ఆ వీధికి నెలవంక అంటే మాస్టారి మేడ మీద కనపడాలి.

"నాకు మోకాలు నొప్పి, హాజ్ ఖానుమ్. మీరు వెళ్ళి చూడండి" అన్నాడు సియామక్.

"మోకాలితో చూస్తావా నెలవంకని? నా మోకాళ్ళు నీకంటే ఇరవై ఏళ్ళు పెద్దవి, అవే ఎక్కుతున్నాయి. లే!"

ఎనభై ఏళ్ళ ముసలావిడ చెయ్యి పట్టి లాగితే ఏ మగాడు కాదంటాడు? లేచాడు. గోడ పట్టుకుని నెమ్మదిగా ఎక్కాడు. మునీరే వెనకాలే ఎక్కింది. "జాగ్రత్తండీ, మీ మోకాలు" అంది పుల్లగా.

పడమట ఆతష్‌గాహ్ గుట్ట మీద ఎరుపు చల్లారుతోంది. దుమ్ము కూడా ఆ పూట దయతలచి తగ్గింది. నెలవంక చూసే విషయంలో ఆ మేడకో పద్ధతుంది, వీధి మొత్తానికీ తెలుసు. కనిపించినవాళ్ళు నోరు మెదపకూడదు. ఒకరు "అదిగో" అంటే చాలు, పక్కవాడి కళ్ళు లేనిదాన్ని కూడా పుట్టించుకుంటాయి. అందుకని మాట లేదు, వేలు మాత్రమే. భార్యాభర్తలు దూరదూరంగా నిలబడి ఎవరికి వాళ్ళు వెతుక్కుని వేలు చూపాలి. రెండు వేళ్ళూ ఒకే చోటికి పోతే నెలవంక ఉన్నట్టు. వేరువేరు చోట్లకు పోతే ఇద్దరూ తప్పే. రెండేళ్ళ కిందట సియామక్‌కు కనబడి మునీరేకు కనబడనప్పుడు, "నా కళ్ళు ఆశపడ్డాయి కాబోలు" అని అతనే వేలు దించేశాడు. చూడనిది చూశానని చెప్పకపోవడం ఒక్కటే ఆ ఇంట్లో నిష్ఠగా పాటించిన మతం.

ఈసారి నెలవంక పుట్టి చాలా గంటలైంది, పెద్ద కష్టం లేదు. మునీరేకు త్వరగానే దొరికింది. గుట్టకు జానెడు పైన, పక్కకు ఒరిగి, తెల్లగా. వేలెత్తి పట్టుకుంది. అప్పుడు మొగుడి వైపు చూసింది.

సియామక్ ఆకాశాన్నే చూడటం లేదు. హాజ్ నుస్రత్ ఇంటి మేడ మీద, చలికాలమంతా గోనెపట్టా కప్పుకుని ఉన్న కూలర్‌ను చూస్తున్నాడు. కళ్ళార్పకుండా ఆ తుప్పు కూలర్‌నే చూస్తున్నాడు.

మునీరేకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో సరే, నలుగురిలో కూడానా? టెలిస్కోపు వెళ్ళిపోయే ముందు ఇదే ఆఖరిసారి కదా, ఒక్కసారి, మర్యాదకైనా ఆ పక్కకు ముఖం తిప్పకూడదా? వేలు దించేసి కిందికి వెళ్ళిపోదామని అనుకుంటూ ఉండగా సియామక్ చెయ్యి లేచింది. ముఖం కదల్లేదు. కళ్ళు కూలర్ మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం కుడివైపుకు సాగి, కాస్త తడుముకుని, నెలవంక మీద ఆగింది. సరిగ్గా దాని మీద.

"రెండు వేళ్ళూ కలిశాయి!" అన్నాడు రజబలీ. అందరూ ప్రవక్తకు సలవాత్ చదివారు. హాజ్ నుస్రత్ అరచేతుల్లోకి చూసుకుంటూ దువా చేసుకుని, కళ్ళకు అద్దుకుంది. మునీరే వేలు ఇంకా గాలిలోనే ఉంది.

ఎందుకంటే ఆమె ఆ చూపును గుర్తుపట్టింది.

పెళ్ళయిన మొదటి చలికాలం. దీపాలార్పేసిన ఊరు. ఇదే మేడ. చుక్కలు ఎంత కిందికి దిగి ఉన్నాయంటే, తల మీద చున్నీ సర్దుకుంటే చేతికి తగులుతాయేమో అనిపించేది. వెనక నిలబడి, భుజం మీదుగా చెయ్యి చాపి, సియామక్ ఆమెకొక చిన్న మబ్బుమరకను చూపించబోయాడు. వెయ్యేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఒకాయన దాన్ని కనిపెట్టాడట. ఆమెకు కనపడలేదు. ఎంత గుచ్చి గుచ్చి చూసినా కనపడలేదు.

"దాన్ని చూడకు, మునీరే జాన్. చూస్తే పారిపోతుంది. పక్కనున్న చుక్కని చూడు. మనసు మాత్రం దీనిమీద పెట్టు."

"ఇదేం చూపు? దొంగచూపు!"

"దొంగచూపే. కంటి నడిబొడ్డు పగటి వెలుతురుకి. మసక వెలుగు పట్టుకోవాలంటే కంటి పక్కల్ని అడగాలి. అటు చూడు. చూశావా?"

ఆమె అటు చూసింది. ఇటు మబ్బుమరక వచ్చి కూర్చుంది, బూడిద రంగులో, మెత్తగా. ఆమె నిజంగానే కేక వేసింది. ఆ తర్వాత ఇన్నేళ్ళూ మసకగా ఉన్న ప్రతిదాన్నీ ఇద్దరూ అలాగే చూశారు, గురి పక్కన చూపు పెట్టి. ఆ చూపు చూసేటప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో, మెడ ఎంత ఒరుగుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అలాంటి ఆమె చలికాలమంతా తన ఎదురుగా కూర్చుని మెడను అలాగే ఒరిగించి చూస్తున్న మనిషిని చూసి, ముఖం చాటేస్తున్నాడనుకుంది.

జనం దిగిపోయారు. మునీరే అతని దగ్గరికి వెళ్ళింది. కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

"ఎప్పటి నుంచి?" అంది.

సియామక్ అర్థం కానట్టు నటించలేదు. "ఆబాన్ నెల నుంచి, చలి ఇంకా మొదలవక ముందే. పింఛను ఆఫీసుకని చెప్పి వెళ్ళింది కంటి డాక్టరు దగ్గరికి. రెండు కళ్ళూ. నడుమ పొర పాడైపోయిందట. పక్కలు ఉంటాయట, నడుమ రాదట."

"రాదంటే?"

"రాదు. ఏది సూటిగా చూస్తే అది ఉండదు. అక్షరం చూస్తే అక్షరం ఉండదు. చుట్టూ అంతా ఉంటుంది, చూసినచోట గుంట."

మునీరేకు కుర్చీ గుర్తొచ్చింది. ఒకరోజు కాదు, ఎన్ని రోజులో. అతని చూపు ఎటు ఉంటే అటు కుర్చీ లాక్కుని, పంతం పట్టి, సరిగ్గా ఎదురుగా కూర్చోవడం.

"మరి నేను నీ ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడల్లా..."

"మాయమైపోయేదానివి" అన్నాడు సియామక్. "అప్పటిదాకా బాగానే కనిపిస్తుండేదానివి. పళ్ళెం వైపు చూస్తే నీ ముఖం వచ్చేది. ఇంతలో లేచొచ్చి గుంటలో కూర్చునేదానివి. నేను మళ్ళీ తల తిప్పుకుని వెతుక్కునేవాణ్ణి. నువ్వు మళ్ళీ లేచేదానివి."

"చెప్పి చావొచ్చు కదా!" ఆమె అతని భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది. వేసి, ఆ భుజాన్నే పట్టుకుని ఏడ్చింది. కొళాయి చప్పుడేమీ లేకుండా, హాయిగా ఏడ్చింది. "నేనేమనుకున్నానో తెలుసా? నేనంటే నీకు..."

"ఏమనుకున్నావు?"

"ఏమనుకుంటే నీకెందుకు! అంజూరాలు తినిపించాను నీకు."

"ఆ అంజూరాలు దానికా!" సియామక్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

నవ్వయ్యాక అతను పిట్టగోడ మీద కూర్చున్నాడు. "టెలిస్కోపు మాత్రం ఇచ్చేద్దాం, మునీరే. కళ్ళు పోయాయని కాదు. యల్దా ముందు ఒక సాయంత్రం గురుడిని చూశాం, గుర్తుందా? దాని చందమామ నీడ నల్ల చుక్కలా పడుతుందని నువ్వు పొంగిపోయావు. ముందు నువ్వు చూశావు, నోరు మూసుకుని పక్కకు జరిగావు, నేను చూశాను. తర్వాత 'కనిపించిందా?' అన్నావు. నేను కనిపించిందన్నాను."

"ఆఁ."

"కనిపించలేదు. గురుడే కనిపించలేదు. నీతో అబద్ధమాడాను, దాని ముందు నిలబడి. ఇంకేం మొహం పెట్టుకుని అందులోకి చూడను?"

ఆ మాట మునీరేకు గట్టిగానే తగిలింది. వేరే ఇళ్ళలో దీనికి నవ్వుతారు. ఈ ఇంట్లో అది నవ్వే సంగతి కాదు. ఆమె వెంటనే పోనీలే అనలేదు. చేతి వెనకవైపుతో ముక్కు తుడుచుకుని, అతనికి ఎదురుగా కాకుండా, రెండు అడుగులు పక్కకు వెళ్ళి నిలబడింది.

"సరే. అయితే ఇప్పుడు నిజం చెప్పు. పద్ధతి ప్రకారం, నేనేమీ అందించను. చూడు. ఏం కనిపిస్తోందో చెప్పు."

సియామక్ తల కాస్త తిప్పాడు. చూపు కూలర్ మీదికి వెళ్ళింది. చాలాసేపు తీసుకున్నాడు, టెలిస్కోపు దగ్గర తీసుకున్నంతసేపు.

"కళ్ళు కనపడటం లేదు. నీడల్లా రెండున్నాయి, అంతే. ముక్కు ఉంది. నవ్వడం లేదు, ఏడవడం కూడా లేదు. చున్నీ వెనక్కి జారింది. జుట్టు..." ఆగాడు. "జుట్టు నల్లగా ఉందని అనిపిస్తోంది."

"యల్దా నాడు ఏమైంది ఈ మాట!"

"యల్దా నాడు కూడా నల్లగానే అనిపించింది. నా కళ్ళను నమ్మలేదు. నాకు ఇష్టమని నా కళ్ళే పుట్టించుకున్నాయేమో అనుకున్నాను. రూఢి లేకుండా ఎలా చెప్పను?"

ఒక సాయంత్రమంతా తన గుండెను కోసిన ఆ మౌనం, ఈ మనిషి చాదస్తమా? అంతకు నాలుగు రోజుల ముందు చేసిన తప్పు మళ్ళీ చేయకూడదని బిగబట్టిన నోరా? ఇలాంటి మొగుణ్ణి దేవుడు లోకం మొత్తానికి ఒక్కణ్ణే చేసి ఉంటాడనుకుంది. అంత ప్రేమ ఆమెకు కొత్త పెళ్ళికూతురిగా ఉన్నప్పుడు కూడా కలగలేదు.

"విను. ఆ అద్దంలో సగం నాది. నా సగం ఇవ్వను" అంది.

"సగం అద్దాన్ని ఏం చేసుకుంటావ్?"

"నీతో కలిసి చూస్తాను. గురుడు వద్దు, శని వద్దు. సూటిగా చూడాల్సినవి మనకొద్దు. మబ్బుమరకలు చూద్దాం. అవి చూసేటప్పుడు నడుమ ఎవరికి పనిచేస్తుంది? నువ్వే కదా చెప్పావు, చీకట్లో లోకం మొత్తానికి కంటి నడిబొడ్డు గుడ్డిదేనని. అక్కడ నీకూ నాకూ తేడా ఏముంది? ఊళ్ళో దీపాలెక్కువైతే కారేసుకుని ఎడారి వైపు పోదాం. నేను తోలతాను."

"నువ్వు తోలితే నాకు మిగిలిన పక్కలు కూడా పోతాయి."

"పోతే పోనీ" అంది మునీరే. అతను ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం సంఘం నుంచి గుల్నార్ వచ్చింది. పళ్ళ డాక్టరు, సంఘానికి కార్యదర్శి. మేడ మీద టెలిస్కోపు తుడిచి సిద్ధంగా ఉండటం చూసి, విప్పడానికి సామాను తీసింది. మునీరే గుమ్మంలో నిలబడింది.

"గుల్నార్ ఖానుమ్, ఆగమ్మా" అన్నాడు సియామక్. "ఇది ఇవ్వడం కుదరదు. సగానికి వేరే యజమాని ఉందట. కంటి దగ్గర బిగించే ఈ సన్నటి గాజుబిళ్ళలు మాత్రం తీసుకెళ్ళు. గ్రహాలను దగ్గరగా చూపించేవి ఇవి, పిల్లలకు పనికొస్తాయి. మాకు ఈ వెడల్పాటిది ఒక్కటి చాలు." తర్వాత, ఎవరూ అడగకుండానే, తన కళ్ళ సంగతి తనే చెప్పాడు. గుల్నార్ సామాను మళ్ళీ సంచీలో పెట్టుకుంది. వెళ్ళేముందు, సంఘం గోడకు పెట్టుకుంటాం, ఇద్దరిదీ ఒక ఫోటో తీసుకుంటానని అడిగింది.

టెలిస్కోపుకు ఒక పక్క సియామక్, ఒక పక్క మునీరే నిలబడ్డారు.

"ఆఘా, ఇటు, నా వైపు చూడండి" అంది గుల్నార్. సియామక్ తల తిప్పాడు. ఆమె వైపు కాదు. "ఆఘా, ఇంకాస్త ఇటు... పోనీ, ఖానుమ్ వైపైనా చూడండి, బాగుంటుంది." సియామక్ కదల్లేదు. మునీరే కూడా నిలబడ్డ చోటి నుంచి అంగుళం జరగలేదు.

ఆ ఫోటో ఇప్పుడు సంఘం గోడ మీద ఉంది. అందులో మునీరే కెమెరా వైపు చూసి నవ్వుతూ ఉంటుంది. సియామక్ ఆమెకు దూరంగా, ఫోటోలో లేనిదేదో చూస్తూ ఉంటాడు. చూసినవాళ్ళంతా ఒకటే అడుగుతారు, మాస్టారు అటెటు చూస్తున్నారని.

"నన్నే చూస్తున్నాడు" అంటుంది మునీరే.